ఎనభై నాలుగు రోజుల నడక

ఆ వేసవిలో నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నాలుగు అంతస్తులు మోసుకెళ్లారు. కుర్చీ ముందు కాళ్లు మా బామ్మర్ది పట్టుకున్నాడు. వెనక కాళ్లు కింది కొట్లో జుట్టు కత్తిరించే ఆయన పట్టుకున్నాడు. మా భవనానికి లిఫ్టు లేదు. ఇరవయ్యేడేళ్లు జనం లిఫ్టులన్నీ బాగుచేసినవాణ్ని నేను. ఆ మాట ఎవరూ పైకి అనలేదు గానీ గుమ్మాల్లోంచి తొంగి చూసిన ప్రతి మొహంలోనూ కనిపించింది.

"పోయిన వారం ఇలాంటి మెట్ల మీదే ఫ్రిజ్ మోశాను బావా. అదే నయం. ఇటు వంచు, అటు తిప్పు అని సలహాలివ్వలేదు," అన్నాడు బామ్మర్ది రెండో అంతస్తులో రొప్పుతూ. వాడిది సామాన్లు చేరవేసే వ్యాను.

"మోచెయ్యి గోడకు కొడుతున్నావురా!"

"చూశారా? ఫ్రిజ్‌కి మోచేతులు కూడా ఉండవు."

జుట్టాయన నవ్వాడు. ముందు ఎక్కుతున్న మా ఆవిడ నవ్వలేదు. ఒక చేతిలో మందుల సంచి, ఇంకో చేతిలో ఆసుపత్రి కాగితాలు పట్టుకుని ప్రతి మలుపులోనూ ఆగి, నేనింకా కుర్చీలోనే ఉన్నానా అని చూసుకుంటోంది.

గుండెపోటు మూడు వారాల కిందట వచ్చింది. ఒక ఆఫీసు భవనం పైన మోటారు గదిలో బ్రేకు బిగిస్తున్నాను. ఎడమ భుజం మీద ఎవరో బస్తా దించినట్టయింది. చేతిలో స్పానరు ఎప్పుడు జారిందో తెలియదు. ఆసుపత్రిలో మూసుకుపోయిన రక్తనాళం తెరిచారు గానీ, అప్పటికే గుండెలో కొంత కండ చచ్చిపోయిందన్నారు. బాగున్న గుండె ఒక్క దెబ్బకు లోపలున్న రక్తంలో నూటికి అరవై పాళ్లు బయటికి తోస్తుందట. నాది ముప్పై దగ్గర ఆగింది.

అప్పుడే కణాల డాక్టరమ్మ మంచం దగ్గరికి వచ్చింది. సన్నగా, గాలికి ఎగిరిపోయేట్టు ఉంటుంది, మాట మాత్రం రాయి.

"మీ తుంటి ఎముక మూలుగలో మూలకణాలుంటాయి. వాటిని తీసి, శుభ్రం చేసి, సన్నటి గొట్టంతో గుండెలోకి పంపిస్తాం. దెబ్బతిన్న చోటు కోలుకోవడానికి సాయం చేస్తాయేమోనని చూస్తున్నాం."

"ఏమోనా?"

"ఏమోనే. తెలిసి ఉంటే మందు అనేవాళ్లం. తెలియదు కాబట్టి పరీక్ష అంటున్నాం. ఇందులో చేరినవాళ్లలో సగం మందికి కణాలు వెళ్తాయి, సగం మందికి ఉప్పునీళ్లు. ఎవరికేది వెళ్లిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు."

"మరెవరికి తెలుసు?"

"బీరువాలో సీలు వేసిన కవరుకు."

నేను ఆరో తరగతితో బడి మానేసినవాణ్ని. అయినా నాకూ కొంచెం బుర్ర ఉంది. "సగం లిఫ్టులకు బ్రేకులు వేసి, సగం లిఫ్టులకు వేయకుండా వదిలినట్టుంది కదమ్మా మీ పద్ధతి," అన్నాను.

"బ్రేకులు అందరికీ వేశామండీ. మీరు మింగే మాత్రలే బ్రేకులు. కణాలు పడినా పడకపోయినా అవి మానకూడదు," అంది. ఆ మాట నాకూ చెప్పింది, పక్క మంచం ఆయనకూ చెప్పింది.

పక్క మంచం ఆయన బేకరీ నడుపుతాడు. మా ఇంటికి రెండు వీధుల అవతలే. అన్నేళ్లుగా అక్కడ రొట్టె కొంటున్నా ఆ మనిషిని ఎప్పుడూ చూడలేదు, లోపల పొయ్యి దగ్గరే ఉంటాడట. ఇద్దరికీ ఒకే రోజు తుంటిలోంచి మూలుగ తీశారు. ఇద్దరం బోర్లా పడుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"లిఫ్టు గారూ," అన్నాడు. పరిచయమైన పది నిమిషాలకే నాకా పేరు పెట్టేశాడు. "నాకొక సంగతి అర్థమైందండి. ఇవాళ మనమిద్దరమే. రెండు ట్రేల పిండి అన్నమాట. ఒక ట్రేలో ఈస్టు కలుపుతారు, ఒక ట్రేలో కలపరు."

"అలా ఉండదేమో. ఇద్దరికీ ఒకటే పడొచ్చేమో."

"సగం సగం అన్నారుగా! ఇద్దరిలో సగమంటే ఒకరు. ఇంకేముంది, ఏ ట్రే పొంగుతుందో చూడ్డమే." పొట్ట మంచానికి ఆనుకుని ఊగేలా నవ్వాడు. డాక్టరమ్మ రెండుసార్లు విడమర్చి చెప్పింది, ఎవరికేది అన్నది లాటరీ తీసినట్టు తేలుతుందని, అందులో అలా జతలు కట్టరని. ముప్పై ఏళ్లు పిండి కలిపినవాడికి ఆ మాట చెవికెక్కలేదు.

గొట్టంతో గుండెల్లోకి ఎక్కించాల్సింది ఎక్కించి, ఇళ్లకు పంపేటప్పుడు డాక్టరమ్మ ఇద్దరి చేతిలోనూ చెరో పుస్తకం పెట్టింది. రోజుకొక పేజీ, ఎనభై నాలుగు పేజీలు. ఎన్ని అడుగులు నడిచారు, ఎక్కడ ఆయాసం వచ్చింది, ఎవరికి వాళ్లు రాసుకోవాలి. ఎనిమిదో వారంలో వచ్చి చూపించుకోవాలి. పదిహేను రోజుల దాకా మెట్లు వద్దు, ఆ తర్వాత నెమ్మదిగా దిగొచ్చు, ఎక్కొచ్చు.

మూడో రోజు మా అంతస్తు వరండాలో నడిచాను. మా గుమ్మం నుంచి ఆ చివరి కిటికీకి నలభై అడుగులు. వెళ్లడం బాగానే వెళ్లాను. కిటికీ దగ్గర తిరిగేసరికి ఛాతీలో ఏదో ఎగిరి పడింది. నొప్పి కాదు. ఒక దెబ్బ తప్పి, తర్వాతి దెబ్బ గట్టిగా కొట్టింది, అంతే. గోడ పట్టుకుని, గోడకు అతుక్కుని, పాకుతున్నట్టు వెనక్కి వచ్చాను. నలభై అడుగులకు అరగంట పట్టింది. మళ్లీ వరండాలోకి వెళ్లలేదు.

లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలివాళ్లు ఫోన్ చేసి ఊపిరాడట్లేదని ఏడుస్తారు. ఆ పెట్టెకు గాలి సందులుంటాయి. ఊపిరాడకపోవడమనే మాటే లేదు. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టి, ఒక చేతిలో టీ గ్లాసు పట్టుకునే "రెండు నిమిషాల్లో వచ్చేస్తున్నాం" అనేవాణ్ని. ఆ వేసవిలో వాళ్లందరూ గుర్తొచ్చారు. మా ఆవిడ పొద్దున్నే యూనిఫారాలు కుట్టే యూనిట్‌కు వెళ్లిపోయేది. సాయంత్రం ఆరింటి దాకా రెండు గదులు, ఒక కిటికీ, ఎదుటి భవనం గోడ. తలుపుకు తాళం కూడా వేసేది కాదు. తాళం వేసి ఉంటే కనీసం తిట్టుకోవడానికి ఒక మనిషి ఉండేది.

నాలుగో రోజు సాయంత్రం ఆవిడ చెప్పులు విప్పకముందే అడిగింది. "నడిచావా?"

"నడిచాను."

"ఎంత?"

"ఆరొందలు."

ఆవిడ మొహం చూసి ఎన్నేళ్లయిందో అనిపించింది. ఎప్పుడూ చూస్తూనే ఉంటాం, కానీ చూడం. ఆ పూట చూశాను. వెలిగింది.

మర్నాడు మధ్యాహ్నం పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. మా పనిలో ఒక అలవాటుంది. ప్రతి మోటారు గదిలోనూ ఒక కార్డు వేలాడుతుంటుంది. తాడు చూశాను, బ్రేకు చూశాను, తలుపు లాకు చూశాను, అలారం చూశాను అని నెలనెలా టిక్కులు పెట్టి సంతకం చెయ్యాలి. పది భవనాల కార్డులు తెచ్చుకుని, టీ కొట్టులో కూర్చుని, ఏడాదికి సరిపడా టిక్కులు ఒక్కసారే పెట్టేసేవాళ్లం. చూడకుండా వదిలేశామని కాదు, చూసేవాళ్లం. కార్డు వేరు, పని వేరు, అంతే. ఒక్క లిఫ్టూ పడలేదు. మా పనితనమో, జనం అదృష్టమో, ఎవరు తేల్చగలరు?

అదే చెయ్యి, అదే పని. ఎనభై నాలుగు పేజీలూ ఒక్క మధ్యాహ్నంలో నింపేశాను. ఇందులో నన్ను మించినవాడు లేడు. అంకెలెప్పుడూ గుండ్రంగా ఉండకూడదు. రోజూ పెరగకూడదు, రెండు రోజులు పెరిగి ఒక రోజు తగ్గాలి. పెన్నులు మార్చాలి. అక్కడక్కడ ఒక నీటి చుక్క పడాలి. యాభై ఎనిమిదో రోజు జలుబు చేసిందని రాసి అడుగులు సగానికి తగ్గించాను. రాసి, చూసుకుని, మురిసిపోయాను కూడా.

పదిహేను రోజులు దాటాక ఆవిడ అంది, "ఆదివారం కిందికి దిగుదాం, నేను పట్టుకుంటాను."

"మెట్లు ఇప్పుడే వద్దంది డాక్టరమ్మ."

"పదిహేను రోజులేగా అంది?"

"నాకు విడిగా చెప్పింది. నా గుండె నీకేం తెలుసు?"

ఆవిడ లేచి గిన్నెలు కడగడానికి వెళ్లింది. ఒక అబద్ధం కప్పడానికి ఇంకొకటి, దాని మీద మరొకటి. కుడితిలో పడ్డ ఎలుకలా అందులోనే ఈదుతూ ఉండిపోయాను.

రోజూ పదింటికి బేకరీ ఆయన ఫోన్ చేసేవాడు.

"లిఫ్టు గారూ, నిన్న ఎంత?"

నేను పుస్తకం తీసి చదివేవాణ్ని. "వెయ్యిన్నూట డెబ్బై."

"అబ్బో! నాది ఎనిమిది వందలండి. పొయ్యి నుంచి షట్టరు దాకా, షట్టరు నుంచి పొయ్యి దాకా. మా ఆవిడ నన్ను చూసి కళ్లు తిరుగుతున్నాయంటోంది."

నాలుగో వారంలో నావి రెండు వేలు దాటాయి. ఆయనవి తొమ్మిది వందల దగ్గర నిలబడ్డాయి. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను: ఆ పది గంటల ఫోన్ కోసం నేను ఎదురుచూసేవాణ్ని. జన్మలో ఎందులోనూ ఎవరికంటే ముందు లేను. చదువులో లేను, కంపెనీలో నా వెనక చేరినవాళ్లు నా మీద సూపర్‌వైజర్లయ్యారు. గుండె దెబ్బతిన్నాక ఒక మనిషిని దాటాను, అదీ కాగితం మీద.

ఆరో వారంలో ఒక రోజు నా అంకె విని ఆయన దాన్ని తనలో తాను రెండుసార్లు అనుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "ఈస్టు మీ ట్రేలోనే పడిందండి."

కాదండీ అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. "చూద్దాం లెండి, ఇంకా రోజులున్నాయిగా," అన్నాను పెద్దమనిషిలా.

మర్నాడు ఫోన్ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. నాలుగో రోజు నేనే చేశాను. ఆయన భార్య ఎత్తింది.

"ఏం చెప్పమంటారు అన్నయ్యగారూ. ఆదివారం నుంచి మాత్రలు ముట్టట్లేదు. ఉప్పునీళ్లు పడినవాడికి మాత్రలెందుకే అంటాడు. పొయ్యి ఆర్పేశాడు. పిండి బస్తా మీద కూర్చుని సిగరెట్లు కాలుస్తున్నాడు. డాక్టరమ్మకు ఫోన్ చేస్తానంటే ఫోన్ విసిరికొట్టబోయాడు."

డాక్టరమ్మ అన్న బ్రేకుల మాట చెవిలో మోగింది. "ఒకసారి ఆయనకివ్వమ్మా."

అవతల గుసగుసలు. తర్వాత ఆయన గొంతు దూరం నుంచి: "ఆయనకేమే, అదృష్టవంతుడు. రెండు వేల ఐదొందలు నడిచేవాడితో నాకేం మాటలు?"

"అమ్మా, విను," అన్నాను. "అవి నిజం కాదు. నేను నడవలేదు. అన్నీ ఊరికే రాశాను."

ఆవిడ ముక్కు చీదింది. "మీది మంచి మనసు అన్నయ్యగారూ. ఆయన బాధపడకూడదని మిమ్మల్ని మీరు తగ్గించుకుంటున్నారు." పెట్టేసింది.

జీవితంలో మొదటిసారి తప్పు ఒప్పుకుంటే అది మంచితనం కింద జమైంది.

పుస్తకం తీశాను. ఆ రోజు నలభై ఆరో రోజు. నలభై ఆరు నుంచి ఎనభై నాలుగు దాకా నిండి ఉంది. ఎవడైనా నమ్మాలంటే ఇదొక్కటే సాక్ష్యం. బామ్మర్దికి ఫోన్ చేస్తే కుర్చీ పట్టుకుని వస్తాడు, ఎందుకు బావా అంటాడు, సాయంత్రానికి అక్కకు తెలుస్తుంది. పుస్తకాన్ని చొక్కాలో దోపుకుని తలుపు తీశాను.

మెట్లు దిగడం గురించి గొప్పగా చెప్పడానికేమీ లేదు. కూర్చుని దిగాను. చంటిపిల్లల్లాగా ఒక మెట్టు మీద కూర్చుని, కాళ్లు కిందికి జార్చి, మళ్లీ కూర్చుని. రెండో అంతస్తులో ఒకావిడ తలుపు తీసి చూసి, మర్యాదగా మళ్లీ వేసేసుకుంది. గుండె రెండుసార్లు ఎగిరిపడింది. రెండుసార్లూ కళ్లు మూసుకుని ఆగాను. చావలేదు. కింద జుట్టాయన కత్తెర గాల్లోనే ఆపి నోరు తెరిచాడు.

రెండు వీధులకు గంట పట్టింది. మిట్టమధ్యాహ్నం ఎండ, కనబడ్డ ప్రతి గుమ్మం ముందు కూర్చున్నాను. బేకరీ షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్లాను. చల్లారిపోయిన పొయ్యి ముందు, బస్తా మీద, వేళ్ల మధ్య సిగరెట్‌తో ఆయన. పొట్ట తగ్గింది. మొహం పిండి రంగులో ఉంది.

"రండి, రండి. నడుచుకుంటూ వచ్చారా?" అన్నాడు. "చూపించడానికొచ్చారా?"

"అవును. చూపించడానికే." పుస్తకం ఆయన ఒళ్లో పడేసి, ఎదుటి బస్తా మీద కూలబడ్డాను.

తిరగేశాడు. నలభై నాలుగు. నలభై అయిదు. నలభై ఆరు. పేజీ తిప్పాడు. ఇంకొకటి తిప్పాడు. వేలికి తడి చేసుకుని గబగబా తిప్పసాగాడు. ఒక చోట ఆగి తలెత్తాడు.

"యాభై ఎనిమిదో రోజున మీకు జలుబు చేస్తుందా?"

నేను నేల మీది సిగరెట్ పీకలు చూస్తూ కూర్చున్నాను.

"అడుగుతున్నాను. వచ్చే వారం కాక పైవారం. జలుబు, పన్నెండు వందల అరవై అడుగులే. ముందే తెలిసిందా?"

"మా పనిలో ఇలాగే..." అని మొదలుపెట్టి ఆపేశాను. అక్కడ అనదగిన మాట కాదది.

"నిజంగా ఎంత నడిచారు?"

"ఇవాళ్టి దాకానా? మంచం నుంచి బాత్రూమ్‌కి."

సిగరెట్ నేల మీద పడేసి చెప్పుతో నలిపాడు. చాలాసేపు నలిపాడు. "మిమ్మల్ని అందుకుందామని పరిగెత్తానండి నేను. తెలుసా? ఛాతీ పట్టేసినా ఆగలేదు. మా ఆవిడ కాళ్లు పట్టుకుంది ఆగమని. రెండు వేలు, రెండు వేలు అనుకుంటూ ఈ పొయ్యి చుట్టూ గానుగెద్దులా తిరిగాను."

"తప్పయింది."

"తప్పు కాదు, ఇంకేదో మాట ఉండాలి దీనికి. నాకు రావట్లేదు."

ఆయన భార్య లోపలి గుమ్మంలో నిలబడి అంతా వింది. వెళ్లి మాత్రల డబ్బా, గ్లాసుతో నీళ్లు తెచ్చి, బస్తా పక్కన పెట్టి, నా వైపు చూడకుండా వెళ్లిపోయింది.

"అయితే ఈస్టు ఎవరికి పడినట్టు?" అన్నాడు చివరికి.

"తెలియదు. మీకే పడిందేమో. తొమ్మిది వందలు నిజంగా నడిచింది మీరే."

ఆయన మాత్రలు అరచేతిలో పోసుకుని, ఒక్కొక్కటే నోట్లో వేసుకుని మింగాడు. పుస్తకం నా ఒళ్లోకి విసిరాడు. "వెళ్లండి. ఇక పదింటికి ఫోన్ చెయ్యకండి."

చెయ్యలేదు. ఆయనా చెయ్యలేదు. పొయ్యి మళ్లీ వెలిగించాడని, రొట్టె కొనడానికి వెళ్లిన జుట్టాయన చెబితే తెలిసింది. డాక్టరమ్మకు ఎనిమిదో వారంలో నేనే చెప్పుకున్నాను. తిట్టలేదు. నా పేజీలన్నిటి మీదా అడ్డంగా గీత కొట్టి, పుస్తకం తీసేసుకుంది. ఇక గుండె ఫొటోలే లెక్క, నా రాతలు కాదంది. కవరు ఇప్పటికీ బీరువాలోనే ఉంది, చివరి మనిషి వంతు అయ్యేదాకా తెరవరట.

కానీ బేకరీకి వెళ్లిన ఆ రోజు సంగతి ఇంకా అయిపోలేదు. తిరిగి వచ్చేసరికి మూడు దాటింది. దిగడం దిగాను గానీ, మెట్ల వైపు తల ఎత్తి చూస్తే ఎక్కడం నావల్ల కాదని తెలిసింది. మూడో మెట్టు మీద కూర్చున్నాను. పైకెళ్లేవాళ్లు నన్ను తప్పుకుని ఎక్కారు, దిగేవాళ్లు తప్పుకుని దిగారు. ఆరింటికి మా ఆవిడ వచ్చింది. నన్ను చూసి చేతిలో కూరగాయల సంచి వదిలేసింది.

"దిగావా? నువ్వే దిగావా?" పక్కన కూర్చుని నా భుజం పట్టుకుని ఊపేసింది. కళ్లలో నీళ్లు. "నాకు తెలుసయ్యా. పొద్దున మా సూపర్‌వైజరమ్మ పిలిచి లైను ఇన్‌ఛార్జిగా చేరమంది, నలభై మిషన్ల మీద. పొద్దుపోయేదాకా ఉండాలంది. మా ఆయన రెండు వేల ఐదొందల అడుగులు నడుస్తున్నాడు, నెల తిరిగితే పనిలోకి వెళ్తాడు, నాకెందుకు లెండి అని వద్దనేసి వచ్చాను. ఆవిడ పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది!"

అప్పుడు చెప్పాను. మొత్తం చెప్పాను. నలభై అడుగుల వరండా, ఒక్క మధ్యాహ్నం, ఎనభై నాలుగు పేజీలు, బేకరీ. చెబుతున్నంతసేపూ ఆవిడ చెయ్యి నా భుజం మీదే ఉంది. తీయాలని గుర్తు రానట్టు ఉంది. చెప్పడం అయ్యాక తీసింది. దొర్లిపోయిన వంకాయలు ఒక్కొక్కటీ ఏరి సంచిలో వేసుకుని పైకి వెళ్లిపోయింది. నాలుగో అంతస్తులో తలుపు చప్పుడు విన్నాను.

ఇక రాదనుకున్నాను. బామ్మర్దికి ఫోన్ చేద్దామని జేబు తడుముకుంటే ఫోన్ ఇంట్లోనే ఉంది.

పావుగంటకు చెప్పుల చప్పుడైంది. వంటింట్లో ఎత్తు పీట పట్టుకుని దిగింది. మొదటి మలుపులో పీట వేసి, నా చంకలో చెయ్యి వేసి లేపింది. ఎక్కాం. పీట మీద కూర్చోబెట్టి, రెండు మెట్లు పైన, నాకు వీపు పెట్టి నిలబడింది. నా ఆయాసం తగ్గిందని వినికిడితోనే పట్టి, పీట తీసుకుని తర్వాతి మలుపులో వేసింది. అలా మూడో అంతస్తు దాకా వచ్చాం. తిడుతుందేమో, ఏడుస్తుందేమో అని చూశాను. ఏదో ఒకటి చేస్తే బాగుండుననిపించింది.

మూడో అంతస్తులో, అటు తిరిగే అంది. "రేపు పొద్దున్నే వెళ్లి ఆ పోస్టు ఇంకా ఉందేమో కనుక్కుంటాను."

"అడుగు," అన్నాను. "నేనేమీ అనుకోను. అడుగు."

అప్పుడు ఇటు తిరిగింది. చాలా మామూలుగా, బియ్యంలో రాయి ఏరి పక్కన పెట్టినట్టుగా చూసింది.

"నిన్ను అడగట్లేదయ్యా. చెబుతున్నాను," అంది. "లే, ఇంకో అంతస్తు ఉంది."